పీహెచ్‌డీ నోటిఫికేషన్లో అసలు సంగతి కూడా వెయ్యమనండి

ఎడిటర్ గారికి నమస్కారం,

యూనివర్సిటీ పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడల్లా మీ జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఏ డిపార్ట్‌మెంట్లో ఎన్ని సీట్లు, ఫీజు ఎంత, లాస్ట్ డేట్ ఎప్పుడు, అంతే. నెలకి డబ్బులొస్తాయా రావా, గైడ్ (రీసెర్చ్ చేయించే మాస్టారు) ఎవరు, ఆయన దగ్గర ముందు చేరినవాళ్లు ఎన్నేళ్లకి బయటపడ్డారు, చేరే పిల్లలకి కావలసిన ఈ ముక్కలు మాత్రం అందులో ఉండవు. నేను బొబ్బిలి దగ్గర డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఎమ్మెస్సీ అయిన మా పాత స్టూడెంట్లు ఇవే అడుగుతూ ఫోన్ చేస్తుంటారు కాబట్టి రాస్తున్నా.

మన వైపు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంటే పైడిభీమవరం ఫార్మా కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ, లేదంటే బీఈడీ. అది తప్పని కాదు, ఇంటికి జీతం కావాలి కదా. కానీ రీసెర్చ్ చేస్తే కూడా డబ్బులిస్తారని చాలా ఇళ్లల్లో తెలీదండి, "ఇంకా ఏటి చదువు, ఎవులు పెడతారు" అనేస్తారు. సైన్స్ పిల్లలు రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొడితే 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్లయ్యాక ఎస్ఆర్‌ఎఫ్ (దాని పై మెట్టు) అయితే 42,000, హాస్టల్లో ఉండకపోతే ఇంటద్దె డబ్బులు (హెచ్‌ఆర్‌ఏ) వేరే. బీటెక్ పిల్లలు గేట్ స్కోరు బాగుంటే ఐఐటీల్లో నేరుగా పీహెచ్‌డీకే అప్లై చేసుకోవచ్చు, అదే ఎంటెక్‌కి వెళ్తే స్టైపెండ్ 12,400, ఏళ్ల తరబడి దాన్ని పెంచే నాథుడు లేడు.

బోల్తా పడేది ఎక్కడంటే, 2024 నుంచి నెట్‌ని మూడు కేటగిరీలు చేశారు. మొదటిది జేఆర్‌ఎఫ్, డబ్బులున్నది అదొక్కటే. రెండోదాంట్లో లెక్చరర్ అర్హత, పీహెచ్‌డీ అడ్మిషన్ ఉంటాయి గానీ ఫెలోషిప్ లేదు, మూడోది ఒట్టి పీహెచ్‌డీ అడ్మిషన్‌కే, అదీ ఏడాదే చెల్లుతుంది. పిల్లలేమో "నెట్ వచ్చింది సార్" అని స్వీట్లు పంచి, చేరాక ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందని అడుగుతున్నారు.

ఇక గైడ్ సంగతి. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2022లో ఇచ్చిన రూల్స్ ప్రకారం ఒక టైమ్‌లో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 కంటే ఎక్కువ స్కాలర్లు ఉండకూడదు, రిటైర్మెంటుకి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. అంటే ఎవరి దగ్గర ఎన్ని ఖాళీలో ఆఫీసులో లెక్క ఉండే తీరాలి, మరి బయట పెట్టడానికి ఏంటి కష్టం? మా స్టూడెంట్ ఒకమ్మాయి ఒక యూనివర్సిటీలో చేరింది, పేరెందుకులెండి, గైడ్ ఎవరో తేలడానికే నెలలు పట్టింది, తేలాక చూస్తే ల్యాబ్‌లో ఎన్‌ఎమ్‌ఆర్ (పదార్థం నిర్మాణం తేల్చే మెషిన్) లేదు, శాంపిల్స్ బయటకి పంపి టెస్టింగ్ ఛార్జీలు చేతి నుంచి కట్టుకోవాలి. జేఆర్‌ఎఫ్ లేని పిల్ల ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా పేపర్ పబ్లిష్ చెయ్యాలన్న కంపల్సరీ నిబంధన ఆ 2022 రూల్స్‌లోనే తీసేశారు, అయినా చాలామంది గైడ్లు పేపర్ లేకుండా థీసిస్ ముట్టుకోరు, ఒకందుకు అది మంచిదే గానీ తొందరలో డబ్బులు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నల్స్‌కి వెళ్లిపోతున్నారు, అలాంటి పేపర్ రేపు ఏ ఇంటర్వ్యూలోనూ పనికిరాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట, పీహెచ్‌డీలో మెటర్నిటీ లీవ్ 240 రోజుల వరకు ఉంది, అందరికీ ఇచ్చే గడువు మీద ఇంకో రెండేళ్లు అడగొచ్చు. పెళ్లి కుదిరిందని మధ్యలో మాన్పించెయ్యక్కర్లేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ అయినా, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ అయినా, ట్రైబల్ యూనివర్సిటీ అయినా, నోటిఫికేషన్‌తో పాటే ఒక టేబుల్ వెయ్యాలి: గైడ్ పేరు, ఖాళీలు, ఇప్పుడున్న స్కాలర్లలో ఫెలోషిప్ ఉన్నవాళ్లెందరు, గత పదేళ్లలో పూర్తిచేసినవాళ్లు ఎన్నేళ్లు తీసుకున్నారు, మధ్యలో మానేసినవాళ్లెందరు. వాళ్లు వెయ్యకపోతే ఈసారి వార్త రాసేటప్పుడు మీ రిపోర్టర్లయినా రిజిస్ట్రార్లని ఇవి అడిగి రాయండి.

జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లకి కూడా ఆ డబ్బులు నెలనెలా టైముకి పడవు, దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా