రాత్రిపూట ఊరి మీద తిరిగే విమానానికి పేరుండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా పోలీసులు ఆకాశం నుంచి నిఘా పెట్టి దొంగల్ని పట్టుకుంటున్నారని మెచ్చుకుంటూ, హైదరాబాద్‌కూ విజయవాడకూ అలాంటి ఏర్పాటు రావాలని ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన ఆదుర్దా నాకు అర్థమైంది. ఆడపిల్లలు నైట్ షిఫ్టులు చేసి వచ్చే ఇళ్లలో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ ఆయన చెప్పింది సగమే. మిగతా సగం నేను చెబుతాను. బేగంపేట విమానాశ్రయంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరాన్ని ఆనుకుని ఉన్న కేటన్స్‌విల్‌లో ఉంటుంది. 2015లో అక్కడ గొడవలు జరిగినప్పుడు నేనూ మా ఆవిడా వాళ్లింట్లోనే ఉన్నాం.

ఆ ఏడాది ఏప్రిల్ 19న ఫ్రెడీ గ్రే అనే పాతికేళ్ల నల్లజాతి యువకుడు పోలీసు కస్టడీలో తగిలిన గాయాలతో చనిపోయాడు. 27న అంత్యక్రియలైన సాయంత్రానికి ఊరు భగ్గుమంది. మర్నాటి నుంచి రాత్రి 10 గంటలు మొదలు పొద్దున 5 దాకా కర్ఫ్యూ పెట్టారు.

బాల్టిమోర్ పోలీసులకు సొంత హెలికాప్టర్లున్నాయి. ఊళ్లో అందరూ వాటిని ఫాక్స్‌ట్రాట్ అంటారు. సెర్చ్‌లైట్ వేసుకుని, ఇళ్ల కిటికీలు అదిరేలా తిరుగుతాయి. నిద్ర పాడవుతుందని జనం తిట్టుకుంటారు. అయినా అది ఎవరిదో పసిపిల్లాడికి కూడా తెలుసు. ఎందుకొచ్చిందని స్టేషన్‌కు ఫోన్ చేసి అడగొచ్చు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు రెండోదాని మీద. విమానాల జాడ చూపించే ఫ్లైట్‌రాడార్24 నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. కర్ఫ్యూ రోజుల్లో ఒక రాత్రి చూస్తే సెస్నా అనే సింగిల్ ఇంజిన్ చిన్న విమానం ఒకటి నగరం పశ్చిమ భాగం మీద ఎడమ చేతి వైపుగా గానుగెద్దులా తిరుగుతోంది. ఎక్కడికీ పోదు, దిగదు. రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని వెతికితే వర్జీనియాలోని ఏదో రీసెర్చ్ కంపెనీ పేరు వచ్చింది. కర్ఫ్యూ ఉన్న ఊరి మీద అర్ధరాత్రి ఏ కంపెనీ ఏం పరిశోధన చేస్తుంది? నా ఒక్కడికే కాదు, బాల్టిమోర్‌లో చాలామందికి ఆ అనుమానమే వచ్చింది. ఒకరిద్దరు నెట్‌లో బాహాటంగా అడిగారు. విలేఖరులు వెంటపడ్డాక, స్థానిక పోలీసులు కోరితే ఆ విమానాలు తామే పంపామని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒప్పుకుంది.

మా వృత్తిలో గాల్లో ఉన్నది ఎవరో తేలనిదే పని ముందుకు సాగదు. పైలట్ కాల్‌సైన్, అంటే రేడియోలో తన విమానానికి ఉన్న పేరు, చెప్పాలి. మేమిచ్చిన నాలుగంకెల కోడ్‌ను ట్రాన్స్‌పాండర్‌లో, అంటే విమానం గుర్తింపును రాడార్‌కు పంపే పరికరంలో, పెట్టాలి. మేం ‘ఐడెంటిఫైడ్’ అన్నాకే తక్కిన సంగతులు. తెర మీద పేరు లేని చుక్క ఒకటి కనిపిస్తే మా గదిలో మాటలు ఆగిపోయేవి, టీ కప్పులు పక్కకు పోయేవి. బాల్టిమోర్ మీద తిరిగిన సెస్నా ఎవరిదో అక్కడి కంట్రోలర్లకు తెలిసే ఉంటుంది. తెలియనిది కింద కాపురముంటున్న జనానికే. పైవాళ్లకు తెలిసి, కిందివాళ్లకు తెలియకుండా ఉండేలా కంపెనీ పేర్లు పుట్టించడం నాకు మింగుడుపడలేదు.

ఆ జూన్‌లోనే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తీగ లాగితే డొంకంతా కదిలింది. కనీసం 50 విమానాలు, వాటిని దాచడానికి కనీసం 13 ఉత్తుత్తి కంపెనీలు. 30 రోజుల్లో 11 రాష్ట్రాల్లో 30కి పైగా నగరాల మీద వందకు పైగా చక్కర్లు. చాలామటుకు జడ్జి అనుమతి లేకుండానే. మరుసటి ఏడాది బజ్‌ఫీడ్ అనే వార్తా వెబ్‌సైట్ విలేఖరులు నాలుగున్నర నెలల ఫ్లైట్‌రాడార్ సమాచారం తిరగేసి, ఎఫ్‌బీఐవీ, దేశ అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖవీ కలిపి 200 దాకా విమానాలు, హెలికాప్టర్లు ఉన్నట్టు లెక్క తేల్చారు. ఇంజిన్ చప్పుడు కిందికి వినపడకుండా కొన్నిటికి సైలెన్సర్లు కూడా బిగించారట. శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో ఈ చక్కర్లు 70 శాతానికి పైగా తగ్గిపోయేవని కూడా రాశారు. క్షణం ఆలస్యమైతే ప్రాణాలు పోతాయన్నంత పనైతే ఆదివారం సెలవెందుకు?

అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ అనే హక్కుల సంఘం సమాచార చట్టం కింద ఎఫ్‌బీఐ లాగ్ పుస్తకాలు రాబట్టింది. ఏప్రిల్ 29 నుంచి మే 3 వరకు బాల్టిమోర్ మీద 10 సార్లు, మొత్తం 36.2 గంటలు ఎగిరారు. ఎక్కువ భాగం రాత్రిళ్లే. తర్వాత ఎఫ్‌బీఐ 18 గంటల పైచిలుకు వీడియో బయటపెట్టింది. మా అల్లుడు కంప్యూటర్‌లో పెడితే అందులో కొంత చూశాను. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కాబట్టి మనుషులు ఒంటి వేడితో కనిపిస్తారు, చీకట్లో తెల్లటి ఆకారాలుగా. మొహాలు తెలియవు. కానీ ఎవరు ఎవరితో నిలబడ్డారో, గుంపు ఎటు నడిచిందో తెలుస్తుంది. ఒక కుర్రాడి చావుకు సమాధానం అడగడానికి వీధిలోకి వచ్చిన వాళ్లలో అత్యధికులు ఏ నేరమూ చేయలేదు.

అమెరికా చట్టం దీన్ని ఎలా చూసిందన్నది పెద్ద కథ. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి పోలీసులు పెరట్లోకి చూస్తే వారెంట్ అక్కర్లేదని 1986లో సుప్రీంకోర్టు అంది. 1989లో 400 అడుగుల మీది హెలికాప్టర్‌కూ అదే వర్తించింది. 2001లో మాత్రం, వేడిని పట్టే పరికరంతో ఇంటి లోపలి సంగతి కనిపెట్టాలంటే వారెంట్ ఉండాల్సిందేనని తీర్పిచ్చింది.

బాల్టిమోర్‌కు అంతటితో పీడ వదల్లేదు. 2016 జనవరి నుంచి ఒహాయోకు చెందిన ప్రైవేటు కంపెనీ ఒకటి పోలీసుల తరఫున నగరమంతా ఒకేసారి చిత్రీకరించే విమానం నడిపింది. ఇరాక్ యుద్ధం కోసం తయారైన పరిజ్ఞానం అది. డబ్బు టెక్సస్ దాతలది. నగర బడ్జెట్ నుంచి పైసా తీయలేదు కాబట్టి ప్రజలకు గానీ, వాళ్లు ఎన్నుకున్న కౌన్సిల్‌కు గానీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ పత్రిక రాస్తేనే ఊరికి తెలిసింది. 2020 మేలో అదే కంపెనీ మళ్లీ వచ్చింది, ఈసారి బహిరంగంగా, పగటి వేళ, ఆరు నెలలు. ఆ ఫొటోల్లో మనిషి ఒక చుక్క మాత్రమే కదా, అందులో ఏముందని పోలీసుల వాదన. 2021 జూన్‌లో ఆ ప్రాంతపు కేసులు వినే ఫోర్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 8-7 తేడాతో ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమంది. జడ్జీలు చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. ఏ చుక్కయినా పొద్దున ఒక ఇంట్లోంచి బయల్దేరి, చివరికి ఆ ఇంటికే చేరుతుంది. ఇల్లు తెలిస్తే మనిషి తెలిసినట్టే.

నేరాలు లేవని నేననడం లేదు. 2015లో ఆ ఒక్క నగరంలోనే 344 హత్యలు జరిగాయి. పక్కనే ఉన్న యూనివర్సిటీలో మన తెలుగు పిల్లలు చాలామంది చదువుతున్నారు. రాత్రి పార్ట్‌టైమ్ పని చేసి బస్సులో వచ్చే పిల్లలు ఎంత బిక్కుబిక్కుమంటూ నడుస్తారో కళ్లారా చూశాను. పోలీసులు విమానం వాడాలంటే వాడనివ్వండి. దాని మీద పోలీసు అని రాసి ఉండాలి, రాతపూర్వకమైన అనుమతి ఉండాలి, తీసిన దృశ్యాలు ఎన్నాళ్లుంచి ఎప్పుడు చెరిపేస్తారో ముందే చెప్పాలి.

మన దగ్గర సెస్నాల అవసరం కూడా లేదు. గణేశ్ నిమజ్జనానికి డ్రోన్లు అందరం చూస్తూనే ఉన్నాం. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో, సీసీ కెమెరాల దృశ్యాలను ఒకచోట నుంచి చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది, నిజమే. కానీ 2023 నాటి డేటా రక్షణ చట్టం, శాంతిభద్రతల పేరుతో తను కోరుకున్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది. అమెరికాలో లాగ్ పుస్తకం బయటికి రావడానికి ఒక చట్టం, అడిగే సంఘం, పట్టు వదలని విలేఖరులు ఉన్నారు. మనకు సమాచార హక్కు చట్టం ఉంది.

అందుకే హైదరాబాద్ పోలీసు కమిషనరేట్‌కు ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టాను. రాత్రివేళ నివాస ప్రాంతాల మీద డ్రోన్లు ఎగరేస్తున్నారా, ఎగరేస్తే ఎవరి సంతకంతో, వాటికి వేడిని పట్టే కెమెరాలున్నాయా, దృశ్యాలు ఎన్ని రోజులు ఉంచుతున్నారు, ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్తున్నాయా అని అడిగాను. నకలు ఈ లేఖకు జత చేశాను. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్‌లలో మీ విలేఖరుల చేత ఇవే ప్రశ్నలు అడిగించి, వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు అచ్చువేయమని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్,
బోయిన్‌పల్లి, సికింద్రాబాద్