సుల్తాన్‌గంజ్ వంతెన పూర్తయ్యే వరకు మా కాశీ యాత్ర మార్గం

గౌరవనీయులైన యాత్రికులకు నమస్కారములు.

పర్లాకిమిడి నుంచి మేము నడిపే కాశీ, జనకపురి (నేపాల్‌లోని సీతమ్మ పుట్టినిల్లు), దేవఘర్ (జార్ఖండ్‌లోని వైద్యనాథ క్షేత్రం) యాత్రకు పేర్లు రాయించుకున్నవారిలో చాలామంది, ముఖ్యంగా బరంపురం, గుణుపురం వైపువారు, బీహారులో సుల్తాన్‌గంజ్ వద్ద గంగపై కడుతున్న తీగల వంతెన మీదుగా ఈసారైనా వెళతామా అని అడుగుతున్నారు. వెళ్లము. వంతెన పూర్తి కాలేదు కనుక మార్గమూ, ధరా కొంత మారుతున్నాయి.

ఖగడియా జిల్లాలోని అగువానీ ఘాటును అవతలి ఒడ్డున ఉన్న సుల్తాన్‌గంజ్‌తో కలిపే ఈ నాలుగు వరుసల వంతెన పొడవు సుమారు 3.16 కిలోమీటర్లు, మొదటి అంచనా దాదాపు రూ. 1,710 కోట్లు. 2014 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ దీనికి శంకుస్థాపన చేశారు. గడువులు ఒకదాని వెనుక ఒకటి దాటిపోగా, 2022 ఏప్రిల్ చివర గాలివాన రాత్రి ఒక భాగం కూలింది. 2023 జూన్ 4 సాయంత్రం మరింత పెద్ద భాగం నదిలో పడింది. ఆ దృశ్యాన్ని మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. 2024 ఆగస్టు 17న ఇంకొక భాగం పడిపోయింది. మొదటి ప్రమాదం తరువాత పరిశీలించిన ఐఐటీ రూర్కీ నిపుణులు నిర్మాణ లోపాలు ఎత్తి చూపారని అప్పటి ఉపముఖ్యమంత్రి తేజస్వీ యాదవ్ స్వయంగా చెప్పారు.

ఇటువంటి వంతెనను కట్టడం కావడి మోయడం వంటిది. స్తంభానికి ఇరువైపులా కాంక్రీటు దిమ్మెలను సమానంగా ఒక్కొక్కటే బిగించుకుంటూ, ఆ బరువును పైనుంచి ఉక్కు తీగలతో పట్టి ఉంచుతూ ముందుకు సాగాలి. రెండు స్తంభాల నుంచి వచ్చే చేతులు నడుమ కలిసేదాకా ప్రతి చెయ్యీ గాలిలో వేలాడుతూనే ఉంటుంది. పైగా గంగ పొంగే వర్షాకాలంలో నదిలో పని సాగదు. అందుచేత ఆలస్యమైందని నేను ఎవరినీ తప్పుపట్టను. మూడు సార్లు కూలడం మాత్రం నదిపై నెపం వేసి వదిలేయదగిన విషయం కాదు. మన బస్సులు కలకత్తా వెళ్లేటప్పుడు దాటే విద్యాసాగర్ సేతువుకు కూడా 1972లో శంకుస్థాపన జరిగితే 1992లో గాని రాకపోకలు మొదలు కాలేదు. ఆలస్యంగా వచ్చినా అది నిలిచింది.

ఈ వంతెన మనకు ఎందుకు అవసరమంటే, జనకపురి నుంచి మండన మిశ్రుని ఊరుగా చెప్పే మహిషికి వెళ్లి, ఉగ్రతార దర్శనం చేసుకుని, సహర్సా నుంచి దిగివచ్చే బస్సుకు సుల్తాన్‌గంజ్ సరిగ్గా ఆవలి ఒడ్డునే ఉంటుంది. ఇప్పుడు తూర్పున భాగల్‌పుర్ వద్ద విక్రమశిల సేతువైనా ఎక్కాలి, పడమటన ముంగేర్ వద్ద 2022లో రోడ్డు రాకపోకలకు తెరిచిన శ్రీకృష్ణ సేతువైనా ఎక్కాలి. మొదటిది రెండు వరుసలదే. లారీల రద్దీలో చిక్కుకుంటే పెద్దవారికి మందుల వేళలు, భోజనాల వేళలు రెండూ తప్పుతాయి. మేము ముంగేర్ దారినే ఎంచుకున్నాము.

దీనివల్ల సుల్తాన్‌గంజ్ చేరేసరికి చీకటి పడుతుంది. రాత్రివేళ ఘాటు మెట్ల మీద నాచు కనబడదు కాబట్టి ఉత్తరవాహిని గంగలో స్నానం, అక్కడి అజగైబీనాథ శివుని దర్శనం మరునాటి తెల్లవారుజాముకు మార్చాము. ముందురోజు రాత్రి భోజనం ముంగేర్ దాటకముందే ఉంటుంది: బస్సు ఆగిన చోట మా వంటవారు పొయ్యి వెలిగించి అన్నం, చారు, ఏదో ఒక వేపుడు వడ్డిస్తారు; ఉపవాసం ఉన్నవారికి ఉప్మా. అదనపు డీజిలు, ఒక రాత్రి బసతో కలిపి మనిషికి రూ. 350 పెరుగుతుంది. వంటఖర్చు మేమే భరిస్తాము.

శ్రావణంలోనే వెళ్లాలనుకునేవారు ఒకటి గమనించాలి. అక్కడి శ్రావణం మన ఆషాఢ పూర్ణిమ మరునాడే మొదలవుతుంది. ఆ నెలంతా దేవఘర్‌కు గంగాజలం మోసే కావడి భక్తులతో సుల్తాన్‌గంజ్ ఊరు నిండిపోతుంది కనుక బస్సును ఊరి వెలుపలే నిలిపి నడవవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు కార్తీకం ఎంచుకోవడం మేలు.

ఇకమీదట మా కరపత్రంలో ఈ వంతెన పేరు ఉండదు. వాహనాలు తిరగడం మొదలయ్యాక, మా డ్రైవరు ఖాళీ బస్సుతో ఒకసారి దాటివచ్చాకనే మార్గం మారుస్తాము. ఈ మార్పు నచ్చనివారు బయలుదేరే తేదీకి పదిహేను రోజుల ముందుగా మా దుకాణానికి రసీదు తెస్తే, అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాము.