మడమ వెనక మూడు పేటల తాడు

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. డాబా మీద ట్యాంకు మార్పించాం. నాన్నగారి కొత్త కళ్లజోడు వచ్చింది. మామిడల్లం దొరికితే పచ్చడి పెట్టాను, బుజ్జి వచ్చేటప్పుడు తెస్తాడు. బుజ్జి అంటే గుర్తొచ్చింది. పండు పెళ్లి వీడియోలో నువ్వు మెట్లు దిగుతూ కుడికాలు ఈడుస్తున్నావని వాడే చిన్నత్తకి చెప్పాడట. నేను నాలుగుసార్లు వేసుకుని చూశాను. ఈడుస్తున్నావు. పందొమ్మిది రోజులుగా ఫోన్ ఎత్తకుండా "బిజీ అమ్మా" అని మెసేజ్‌లు పెడుతున్నది ఇందుకేనా?

కోప్పడటానికి రాయడం లేదు.

"నరం పట్టేసింది, బామ్ రాశాను" అన్నావట అత్తతో. అది నరం కాదు నాన్నా. మడమ వెనక చేతికి గట్టిగా తగిలే ఆ తాడు అకిలిస్ టెండన్. పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టేది అదే, ఒంట్లోని టెండన్లన్నిటిలోకీ మందమైనది. తడి తీసేస్తే మిగిలే దాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్ పీచే. అల్లిక కూడా తాడు పేనినట్టే ఉంటుంది. మూడు ప్రొటీన్ గొలుసులు పురి తిరిగి ఒక అణువు, అణువులు వరసగా చేరి పోగు, పోగులు కలిసి కట్ట, కట్టలన్నీ కలిసి తాడు. ఒక్కో అణువులో ఉన్నవి మూడు పేటలని 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రవేత్తలు తేల్చారు. ప్రొటీన్ గొలుసుకి పూసల్లాంటివి అమైనో ఆమ్లాలు. ఈ గొలుసులో ప్రతి మూడో చోటా గ్లైసినే ఉంటుంది. అమైనో ఆమ్లాల్లో అన్నిటికన్నా చిన్నది కనుక పేటల మధ్య ఇరుకులో అదొక్కటే పడుతుంది.

కాలు ఊరికే ఉన్నప్పుడు ఈ పోగులు అలలు అలలుగా ముడతపడి ఉంటాయి. లాగితే మొదటి 2 శాతం సాగుడు ఆ ముడతలు విప్పుకోవడానికే సరిపోతుంది, దానివల్ల నష్టం లేదు. 4 శాతం దాటితే అక్కడక్కడ పోగులు తెగడం మొదలవుతుంది. 8 దాటితే తాడే తెగొచ్చు. పరుగెత్తేటప్పుడు అడుగడుక్కీ దాని మీద పడేది మనిషి బరువుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు. నీ 72 కిలోలకి నాలుగు క్వింటాళ్ల పైమాటే.

నువ్వు పరుగు మానెయ్యమని కాదు నేననేది. నొప్పి వచ్చినప్పుడు "టప్" మని చప్పుడేమైనా వినిపించిందా? వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందా? ఈ రోజే ఒకటి చెయ్యి. పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా బోర్లా పడుకో. నీ రూమ్మేట్‌ని పిక్క గట్టిగా నొక్కమను. మునివేళ్ల మీద లేచేటప్పుడు సాగినట్టు పాదం కదిలితే తాడు తెగనట్టు. కదలకపోతే ఆ పూటే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. "నడుస్తున్నాను కదా, తెగి ఉండదులే" అనుకోకు. తాడు తెగినా మిగతా కండరాలు నడిపించేస్తాయి, చాలామంది మోసపోయేది అక్కడే. మడమ ఎముకకి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన వేలితో తడిమి కూడా చూడు, గుంట తగులుతుందేమో. రక్తం తక్కువగా అందేది ఆ భాగానికే.

కండరం చినిగితే వారాల్లో పూడుకుంటుంది, అందులో కొత్త పోగులు కట్టే కణాలు సిద్ధంగా ఉంటాయి. టెండన్‌లో కణాలూ తక్కువే, రక్తమూ తక్కువే. ఎంత నిదానమో తెలిసిన కథ ఒకటుంది, నువ్వు ఓపిగ్గా చదవాలి. ముఖ్యంగా 1955 నుంచి 1963 దాకా దేశాలు గాలిలో అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. దాంతో గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపైంది. 1963 ఒప్పందంతో ఆ పేలుళ్లు చాలావరకు ఆగాయి, అప్పట్నుంచి ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోది పైరులోకి, పైరులోది కూట్లోకి, కూట్లోది ఒంట్లోకి చేరుతుంది. అంటే ఒంట్లో ఏ ముక్క తీసి కార్బన్-14 కొలిచినా అది ఏ ఏటి తిండితో కట్టిందో చెప్పొచ్చన్నమాట. డెన్మార్క్‌ వాళ్లు ఇలాగే అకిలిస్ టెండన్లను కొలిచి 2013లో ప్రచురించారు. కండరంలో తాజా కార్బన్ ఉంది, అది ఎప్పటికప్పుడు కొత్తదవుతోంది. టెండన్ నడిమి భాగంలో మాత్రం ఆ మనుషుల చిన్నప్పటి గాలే ఉంది. పదిహేడేళ్ల లోపు కట్టిన పోగులే, ఆ తర్వాత దాదాపు మార్పు లేదు. పదిహేడంటే నీకు ఇంటర్ రెండో సంవత్సరం. హాస్టల్‌కి నువ్వు వెళ్లింది ఆ తర్వాతే. నీ మడమ వెనక ఉన్నది మన వంటింట్లో తిన్న పప్పన్నం చిన్నా, జాగ్రత్తగా వాడు.

దెబ్బ తగిలిన చోట కొత్త పోగులు పడతాయి, కానీ అడ్డదిడ్డంగా పడతాయి. బరువు ఏ దిక్కున పడితే ఆ దిక్కుకి నెలల తరబడి సర్దుకుంటాయి. అందుకని మంచమెక్కి పడుకున్నా తప్పే, మర్నాడే పరుగెత్తినా తప్పే. తాడు తెగలేదని డాక్టరు చెప్పాకే ఇది మొదలుపెట్టు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడు. మంచి కాలితో పైకి లేచి, బరువు నొప్పి కాలి మీదికి మార్చి, మడమని మెల్లగా మెట్టు కిందికి దించు. లేచేటప్పుడు మళ్లీ మంచి కాలే. మోకాలు తిన్నగా పెట్టి 15 సార్లు చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మళ్లీ మూడు విడతలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, 12 వారాలు. కొంచెం నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు బిగుసు పెరిగిందంటే ఎక్కువ చేశావని, తగ్గించు. అసలు నొప్పి లేకుండా చేయగలిగితే వీపున బ్యాగులో పుస్తకాలు వేసుకో. నొప్పి మడమ ఎముక మీదే ఉంటే మాత్రం మెట్టు కిందికి దించొద్దు, చదును నేల మీదే చెయ్యి.

టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోకు, తెగే ప్రమాదం ఉంది. మొన్న జ్వరానికి ఏం మందులు వాడావు? చీటీలో సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి పేరుందేమో చూడు. ఆ జాతి యాంటీబయాటిక్స్ టెండన్‌ని దెబ్బతీస్తాయి, వాడకం ఆపిన కొన్ని నెలల దాకా కూడా. ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పు.

అత్త చెప్పిన కొల్లాజెన్ పొడికి డబ్బులు తగలెయ్యకు. కడుపులో అరిగి ముక్కలైపోతుంది, నేరుగా వెళ్లి మడమలో కూర్చోదు. పప్పు, గుడ్డు, పెరుగు తిను. మూడు పేటలు గట్టిగా పట్టుకోవాలంటే సి విటమిన్ కావాలి, రోజుకో జామకాయ చాలు. ఆ పల్చటి హవాయి చెప్పులు పారెయ్యి, మడమ కొంచెం ఎత్తున్న బూట్లు వేసుకో. వట్టికాళ్లతో బండల మీద తిరగకు.

రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి వెనక నుంచి ఫొటో తీయించి పంపు. మోకాలి కింది నుంచి మడమ దాకా కనపడాలి. ప్యాంటు మడుచుకో. లైటు వేసుకుని తీయమను, చీకట్లో వాపు తెలీదు.

అమ్మ