‘పిచ్చి సర్టిఫికెట్’ అన్న శీర్షిక గురించి

సంపాదకులకు నమస్కారాలు.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ‘గ్రీన్ కార్డుకు పిచ్చి సర్టిఫికెట్’ అన్న పెద్ద శీర్షికతో, పక్కన బేడీలు వేసిన తలకాయ బొమ్మతో వచ్చిన వార్త చదివాను. అప్పటికప్పుడు రాస్తే మాట తూలుతుందని ఆగాను. ఆగినందువల్ల కోపం తగ్గలేదు కానీ, ఆ వార్తలోని తప్పులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునే తీరిక మాత్రం దొరికింది.

అమెరికాలో వలస కేసుల్లో చిక్కుకున్న మనవాళ్ళు డబ్బు కట్టి, మనసు బాగాలేదని రాయించుకుని, ఆ కాగితంతో అక్కడే స్థిరపడిపోతున్నారని మీ విలేకరి తేల్చేశారు. ఆయన ఏ కాగితం గురించి రాస్తున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. వలస వీసా ఇచ్చే ముందు జరిగే వైద్య పరీక్ష ఒకటి ఉంది. మానసిక రుగ్మత కారణంగా తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉన్నదని అందులో డాక్టరు రాస్తే వచ్చే వీసా కూడా ఆగిపోతుంది. కేసు నడిపే లాయరు సూచన మీద క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చేయించుకునే మానసిక స్థితి మదింపు దానికి పూర్తిగా వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి, పైగా ‘పిచ్చి’ అన్న మాటను అక్షరాలు లావు చేసి అచ్చు వేశారు.

ఆ మదింపులో మందులివ్వరు, వైద్యం చేయరు. గంటల తరబడి కూర్చోబెట్టి బాల్యం నుంచి నేటి వరకు జరిగినది అడుగుతారు. నిద్ర, ఆకలి, పీడకలలు, జ్ఞాపకశక్తి గురించి అడుగుతారు. ప్రశ్నావళులు పూర్తి చేయిస్తారు. చెప్పిన మాటకూ కనిపించే లక్షణాలకూ పొంతన ఉన్నదా, లేక నటిస్తున్నారా అన్నది కూడా పరిశీలించి నివేదిక రాస్తారు. ఆ నివేదికను నమ్మాలో వద్దో నిర్ణయించేది వలస అధికారి లేదా ఇమిగ్రేషన్ జడ్జి. హింసకు గురైనవారిని ఎలా పరీక్షించాలో, ఎలా నమోదు చేయాలో చెప్పే ‘ఇస్తాంబుల్ ప్రోటోకాల్’ను నిపుణులు 1999లోనే ఐక్యరాజ్యసమితికి సమర్పించారు, 2022లో దాన్ని సవరించారు కూడా. మీ విలేకరి దృష్టిలో అది కూడా పిచ్చివాళ్ళ కోసం రాసిన పుస్తకమే అయి ఉండాలి.

ఆయన గమనించని సంగతి మరొకటి ఉంది. చాలా కేసుల్లో సైకాలజిస్టు ముందు కూర్చునేది తిప్పి పంపబడే మనిషి కానే కాదు. అనుమతి లేకుండా ఉన్న కాలానికి మినహాయింపు కోరేటప్పుడు, ఈ మనిషిని పంపించివేస్తే అమెరికా పౌరులో శాశ్వత నివాసులో అయిన భార్య, భర్త లేదా తల్లిదండ్రులకు ‘తీవ్రమైన కష్టం’ కలుగుతుందని చూపించాలి. అంటే పరీక్ష ఆ దేశపు పౌరులకో శాశ్వత నివాసులకో జరుగుతుంది! ఇక మతి చెదిరి, తన మీద నడుస్తున్న విచారణ ఏమిటో కూడా గ్రహించలేని స్థితిలో ఉన్నవారి విషయంలో ఆ సంగతి ముందుగా తేల్చి, తగిన రక్షణలు కల్పించాలని 2011లోనే అక్కడి వలస అప్పీళ్ళ బోర్డు తీర్పు చెప్పింది. ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వడం సాధారణంగా లేని ఆ కోర్టుల్లో, ఇంగ్లీషు రాని మనిషికి ఇలాంటి నివేదిక ఎంత ఆధారమో వేరే చెప్పనక్కరలేదు. ‘ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్’ అనే వైద్యుల సంస్థ తరఫున పరీక్ష జరిగిన ఆశ్రయ దరఖాస్తుల్లో, 2000-2004 మధ్య నిర్ణయమైన వాటిలో 89 శాతం మంజూరయ్యాయనీ, దేశం మొత్తం మీద అది 37.5 శాతమేననీ 2008లో ఒక అధ్యయనం ప్రచురితమైంది. ఆ కేసులను ముందే చూసి ఎంచుకుంటారు కనుక ఆ తేడా అంతా నివేదిక మహిమే అని నేను అనను. కానీ మీ వార్తలో ఉన్నది ‘విశ్వసనీయ వర్గాలు’ తప్ప ఒక్క అంకె అయినా లేదు.

ఇంత పట్టుదలగా రాయడానికి కారణం దాచను. నా మేనకోడలు అక్కడ ఇలాంటి పరీక్షకు కూర్చున్నది. భర్త ఆ దేశ పౌరుడు. పాస్‌పోర్టు అతని బీరువాలో, ఫోను అతని తనిఖీలో, నోరు తెరిస్తే ‘తిప్పి పంపిస్తా’ అన్న బెదిరింపులో అయిదేళ్ళు గడిపి, మా చెల్లెలికి మాత్రం ప్రతి ఆదివారం ‘అంతా బాగుందమ్మా’ అని చెప్పిన పిల్ల. అలాంటివారు భర్త సంతకంతో పనిలేకుండా తమంతట తామే దరఖాస్తు పెట్టుకునే వీలు 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కల్పించింది. (హెచ్1బీ ఉద్యోగ వీసా మీద వెళ్ళినవాళ్ళ భార్యలకు ఆ దారి లేదు. నేరబాధితులకిచ్చే యూ వీసా కోసం పోలీసుల ధ్రువీకరణ తెచ్చుకుని, ఏడాదికి 10,000 పరిమితి ఉన్న వరుసలో నిలబడవలసిందే. మన సంబంధాల బ్రోకర్లు ఈ ముక్క ఏనాడూ చెప్పరు.) ఒంటి మీద గాయం లేని క్రూరత్వాన్ని అధికారికి ఎలా చూపించాలి? అందుకే ఈ మదింపు.

తల్లికి చెప్పుకోలేనిది ఆ పిల్ల దుబాసీ ద్వారా ఒక పరాయి మనిషికి చెప్పింది. ఆ దుబాసీకి మన సీమ మాట తెలియదు. ‘బతుకు యాష్టకొచ్చింది’ అని ఈమె అంటే, ‘విసుగ్గా ఉందట’ అని చెప్పాడు. ‘కడుపులో దేవినట్టుంటుంది’ అంటే కడుపునొప్పి అన్నాడు. మన ఆడవాళ్ళు దిగులును దిగులని చెప్పరు కదా. గుండెదడ అంటారు, తలభారం అంటారు, అన్నం సహించడం లేదంటారు. సైకాలజిస్టు అనుభవం ఉన్నావిడ కావడం వల్ల, ‘ఈ బాధను మీ ఇంట్లోవాళ్ళకు ఏ మాటల్లో చెబుతారు?’ అని మళ్ళీ అడిగి, రెండోసారి వేరే దుబాసీని పిలిపించింది. ఆ ప్రశ్న ఆవిడ సొంత తెలివి అనుకున్నాను. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 గ్రంథంలో పదహారు ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ ఉందనీ, ఆ ప్రశ్న అందులోనిదేననీ తరువాత తెలిసింది.

ఇక ఇక్కడి సంగతి. 2021లో ఆ పిల్ల నాలుగు నెలలు కడపలో ఉన్నప్పుడు నిద్రలేమికి ఒక ఆసుపత్రిలో చూపించుకుంది. ఆ చికిత్స వివరాలు కావాలని లాయరు అడిగితే నేను వెళ్ళాను. నాలుగు వారాలు తిరిగాను. మొదటి వారం రిజిస్టరు దొరకలేదు, రెండో వారం గుమాస్తా సెలవు, మూడో వారం సంతకం పెట్టవలసిన పెద్దమనిషి సమావేశంలో ఉన్నారు. నాలుగో వారం కౌంటరులోని ఉద్యోగి, వరుసలో ఇరవై మంది నిలబడి ఉండగా, ‘ఏం సార్, మెంటల్ కేసా?’ అని గట్టిగా అడిగాడు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను, 25వ సెక్షన్ తన వైద్య రికార్డులు తాను పొందే హక్కును ఇచ్చాయని, మేనకోడలు రాసిచ్చిన అధికార పత్రం నా వద్ద ఉన్నదని చెప్పాను. ‘అవన్నీ పైవాళ్ళకు చెప్పండి’ అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు పాఠం చెప్పిన నాకు ఆ రోజు నోట మాట రాలేదు. మీ శీర్షికలోనూ ఆ కౌంటరులోనూ వినిపించింది ఒకే గొంతు.

ఈలోపు ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల గోడల మీద ‘అమెరికా కేసులకు మానసిక నివేదికలు, 24 గంటల్లో’ అన్న చీటీలు వెలిశాయి. మోసం అంటూ ఉంటే అక్కడ ఉన్నది. మీ విలేకరి దాని జోలికి పోలేదు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. మనిషిని చూడకుండా, లైసెన్సు లేకుండా రాసిన కాగితం అక్కడ చిత్తుకాగితం. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, తప్పుడు పత్రం పెట్టినట్టు తేలితే ఆ దేశంలో అడుగుపెట్టే అర్హతే పోతుంది. 2011లో వీసాల మోసంలో మూతపడ్డ ట్రైవ్యాలీ యూనివర్సిటీ వ్యవహారంలో మన పిల్లల కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించినప్పుడు, 2019లో ఫార్మింగ్టన్ పేరుతో అధికారులే పెట్టిన బూటకపు విశ్వవిద్యాలయంలో చేరినవాళ్ళను అరెస్టు చేసినప్పుడు మనం పేజీలకు పేజీలు వాపోయాం, దళారులను మాత్రం వదిలేశాం. అన్నట్టు, మీ వార్త వచ్చిన పేజీ అడుగునే ‘వీసా గ్యారంటీ’ అంటూ ఒక కన్సల్టెన్సీ ప్రకటన రంగుల్లో వచ్చింది.

అమెరికా సంగతి అలా ఉంచి కువైట్ చూడండి. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఊళ్ళలో కువైట్ వెళ్ళిన మనిషి లేని వీధి అరుదు. అక్కడ పోలీసు శాఖ ఉత్తర్వు చాలు, కోర్టు గడప తొక్కకుండానే మనిషిని విమానం ఎక్కిస్తారు; మదింపు మాట ఎత్తేవారే ఉండరు. 2018లోనూ 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా (నివాస అనుమతి) లేని మనవాళ్ళు అవుట్‌పాసులు (పాస్‌పోర్టుకు బదులు ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రాలు) పట్టుకుని దిగారు. వాళ్ళలో ఇళ్ళల్లో పనికి వెళ్ళి, నెలల తరబడి తలుపు దాటనివ్వని ఇంటి నుంచి వచ్చిన ఆడవాళ్ళున్నారు. పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు అడిగినవాళ్ళు ఉన్నారు కానీ, ‘నిద్ర పడుతోందా తల్లీ?’ అని అడిగిన అధికారి ఉన్నట్టు నేను వినలేదు. మానసిక సహాయానికి 14416 అన్న ఉచిత నంబరును కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. కడపలో బస్సు దిగే ఆ మనిషి చేతిలో ఆ నంబరు రాసిన చీటీ పెట్టడానికి ఏ శాఖకు ఎంత ఖర్చవుతుందో కలెక్టరు గారు చెప్పాలి. ప్రవాసుల సంక్షేమం పేరిట వేదికలెక్కి శాలువాలు కప్పించుకునేవారిని అడగడం దండగ అని వదిలేశాను.

మీ వార్తకు సవరణ వేయాలనీ, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయాలనీ కోరుతున్నాను. ఆ శీర్షిక చదివిన మా వీధివాళ్ళు ఇద్దరు ఇప్పటికే నన్ను పలకరించి, ‘మీ పిల్లది కూడా ఆ సర్టిఫికెట్టేనా?’ అని అడిగారు.

లేఖ ప్రచురిస్తే నా పేరు, వీధి వేయవద్దని మనవి. మేనకోడలి భర్త తరఫు బంధువులు ఈ ఊళ్ళోనే ఉన్నారు. వారింటికి వచ్చేదీ మీ పత్రికే.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
కడప