బెంగళూరులో నన్ను చూసుకున్న మీ అందరికీ

అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

రెండేళ్ళ మిషన్ సేవ ముగించుకుని పోయిన నెలలో రాజమండ్రి వచ్చాను. చొక్కా జేబు మీదున్న నేమ్ ట్యాగ్ తీసిన రోజు నుంచీ ఈ నాలుగు మాటలు రాయాలని ఉంది. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చెప్పాల్సిన కృతజ్ఞతలు ఇవి. కానీ మాకు ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది. డెంగ్యూతో చేరిన ఆసుపత్రి నుంచి వచ్చిన పది రోజులకే నన్ను కోయంబత్తూరు పంపారు. చాలామందికి సరిగ్గా వెళ్ళొస్తానని కూడా చెప్పలేకపోయాను.

తెలియనివారి కోసం కొంచెం చెప్తాను. మాది యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 1978లో ధర్మరాజు గారి దంపతులు సమోవా నుంచి హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకు సువార్త చెబితే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగువాళ్ళలో మా సంఘం అలా వేళ్ళూనుకుంది. మాలో అబ్బాయిలు 18 నిండాక రెండేళ్ళు సువార్త చెప్పే ఈ మిషన్ సేవకు వెళ్తారు. జీతం ఉండదు. ఉదయం 6:30కి లేవాలి, ప్రార్థన, లేఖనాలు చదవడం, తర్వాత ఇద్దరిద్దరుగా బయటికి. జతగాడిని వదిలి ఒక్కడే ఎక్కడికీ వెళ్ళకూడదు. ఇంటికి వారానికి ఒకసారి ఫోను. 2019కి ముందు సేవ చేసిన అన్నలకైతే ఏడాదికి రెండుసార్లే ఉండేదట, వాళ్ళ అమ్మలు ఎలా తట్టుకున్నారో!

మేము టీ, కాఫీ తాగం. బెంగళూరులో ఈ మాట చెప్పడం ఎంత కష్టమో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మేం అద్దెకు దిగిన మొదటి రోజే కింద ఇంటి ఓనరాంటీ రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తెచ్చారు. వద్దండీ అంటే ఆమె మొహం చిన్నబోయింది. మా నియమం గురించి వచ్చీరాని కన్నడలో చెప్పాను. వాదించలేదు, అడగలేదు. మర్నాడు పొద్దున అవే గ్లాసుల్లో రాగి జావ తెచ్చారు. పుల్ల మజ్జిగ కలిపి, ఉప్పేసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర. అక్కడున్నన్నాళ్ళూ వారానికి రెండు మూడుసార్లు ఆ జావ వచ్చేది. ఆంటీ రోజూ దీపం పెట్టి పూజ చేసుకునే మనిషి. మా నియమాన్ని మాకంటే జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నారు.

వానాకాలం చివర్లో నాకు జ్వరం వచ్చింది. దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే టెస్టు చేయించకుండానే వైరల్ అని మాత్రలిచ్చి పంపారు. మూడో రోజుకి కంటి గుడ్ల వెనక నొప్పి, ఎముకలు విరిచేస్తున్నట్టు ఉంది. ఆంటీ పైకి వచ్చి నన్ను చూసి, ఇది మామూలు జ్వరం కాదని, తానే ఆటో పిలిచి ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. డెంగ్యూ అని తేలింది. ఆ ఆటో నడిపే అన్న ఊరు హిందూపురం. నేను తెలుగువాడినని తెలిశాక డబ్బులు తీసుకోలేదు సరికదా, తర్వాత రెండుసార్లు ఆసుపత్రికి ఆయనే తిప్పాడు.

ఐదో రోజు జ్వరం తగ్గింది. గండం గడిచిందనుకున్నాను. డాక్టర్ గారు మాత్రం, డెంగ్యూలో జ్వరం తగ్గాకే అసలు జాగ్రత్తగా ఉండాలని చెప్పి అడ్మిట్ చేశారు. ఆయన చెప్పినట్టే అయింది. ప్లేట్‌లెట్లు 14,000కి పడిపోయాయి, పళ్ళు తోముకుంటే బ్రష్ ఎర్రగా అయింది.

ఆ రాత్రి నాకు ప్రార్థన రాలేదు. దేవుడు మన మొర వింటాడని ఎన్నో ఇళ్ళలో చెప్పినవాడిని, ‘తండ్రీ’ అన్న తర్వాత ఒక్క మాట దొరకలేదు. నా జతగాడు చెన్నై కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు. జబ్బుపడినవాళ్ళ కోసం ప్రార్థించేటప్పుడు వాడే నూనె మాలో కొందరు వెంట ఉంచుకుంటారు. తాళాల గుత్తికి కట్టుకున్న ఆ చిన్న సీసా తీసి, ఒక చుక్క ఒలీవ నూనె నా నెత్తి మీద వేసి, చేతులుంచి ప్రార్థించాడు. చేతులు వణుకుతున్నాయి. నూనె చెవి దాకా జారింది. సగం ఇంగ్లీషు, సగం తమిళం. నాకు తమిళం అంతగా రాదు, కానీ ఆ ప్రార్థన మొత్తం అర్థమైంది. తమ్ముడూ, ఆరు రాత్రులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే పడుకున్నావు. నీ రుణం నాకు తెలుసు.

ప్లేట్‌లెట్లు ఇచ్చింది మా వీధి చివర రీచార్జ్ షాపు అన్న. మొదట్లో ఒకసారి ఆయనకు మా సంఘం గురించి చెప్పబోతే, శ్రద్ధగా విని, “నాకు నా నమాజు ఉంది తమ్ముడూ, మీ పని మీరు చేసుకోండి” అని నవ్వుతూ చెప్పారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. నాకు దాత కావాలని తెలిసి, మధ్యాహ్నం గిరాకీ వేళ షట్టర్ దించేసి వచ్చారు. ప్లేట్‌లెట్లు వేరుచేసే మెషీన్ పక్కన గంటన్నర పడుకున్నారట. రక్తం కదా, ఎర్రగా ఉంటుందనుకున్నాను. నాకు ఎక్కించిన సంచి లేత పసుపు రంగులో ఉంది, పల్చటి పప్పుకట్టులా. అది ఒక్కో చుక్కా దిగుతుంటే కళ్ళార్పకుండా చూశాను. అన్నా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు.

మా బ్రాంచిలో, అంటే అక్కడి మా చిన్న సంఘంలో, అందరూ నెల మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ భోజనం డబ్బు అవసరంలో ఉన్నవాళ్ళకు కానుకగా ఇస్తారు. ఆ నెల ఉపవాసం అప్పటికే అయిపోయింది. అయినా నా కోసం మళ్ళీ ఉన్నారని, పిల్లలు కూడా ఒక పూట మానేశారని తర్వాత తెలిసింది. మా సేవకులందరినీ చూసుకునే మిషన్ ప్రెసిడెంట్ గారు, వాళ్ళ సతీమణి రోజూ ఫోను చేసేవారు. నర్సు అక్కలకు, ముఖ్యంగా తెల్లవారుజామున రక్తం తీసేటప్పుడు చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడిన అక్కకు, చేతులెత్తి నమస్కారం.

ఇక్కడ అమ్మ టెన్షన్ అంతా ఇంతా కాదు, రైలెక్కి వచ్చేస్తానంది. ఆ వారం మాత్రం రోజూ వీడియో కాల్‌కి అనుమతి ఇచ్చారు. అమ్మకి కన్నడ రాదు, ఆంటీకి తెలుగు అంతంతమాత్రం. ఆంటీ ఫోను కెమెరా జావ గ్లాసు వైపు తిప్పి, ఎంత తాగానో చూపించేవారు. సగం ఖాళీ అయితే ఇక్కడ అమ్మ ఆ పూట అన్నం తినేదట. ఇప్పటికీ ఆదివారం ఆదివారం వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఏ భాషలోనో నాకు తెలియదు.

వచ్చే నెల అమ్మా నేనూ బెంగళూరు వస్తున్నాం. అన్నా, ఆ రోజు కాసేపు షాపు తీయొద్దు. ఆంటీ, మీ స్టీలు గ్లాసు ఒకటి నా పెట్టెలో వచ్చేసింది. అమ్మ తోమి, అందులో పూతరేకులు పెట్టడానికి చూసింది కానీ పట్టలేదు. వాటిని వేరే డబ్బాలో తెస్తున్నాం.