పానా తన చేతిలోకి తీసుకోని మేస్త్రి గారికి

ట్రాక్టరు ఇంజన్ ఇప్పుడే ఆపాను. కల్టివేటర్ వేసుకుని లోడు మీద గంటకు పైగా ఎక్కడా తడబడకుండా తిరిగింది. చేతుల నిండా డీజిల్ వాసన, నడుం పట్టేసింది, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా రేపు రాద్దామంటే మనసొప్పలేదు. పేరు రాయొద్దని మేస్త్రి గారు గట్టిగా చెప్పారు కాబట్టి పేరు లేకుండానే చెబుతున్నాను. మేస్త్రి గారూ, మీకు చేతులెత్తి దణ్ణం.

బండి మాసీ ఫెర్గూసన్ 135. 1964లో వచ్చిన మోడలు. పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 2.5 లీటర్లది. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకి ఒత్తిడితో డీజిల్ పంపేది సీఏవీ డీపీఏ పంపు. దాని జబ్బు ఏంటంటే, సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, కాసేపు శుభ్రంగా నడుస్తుంది, లోడు పడేసరికి గొంతు తగ్గిపోయి ఆగిపోతుంది. ఎయిర్ తీస్తే, అంటే డీజిల్ పైపుల్లో చేరిన గాలి బయటికి పంపితే, మళ్లీ స్టార్టవుతుంది, మళ్లీ అదే తంతు. చూసిన ప్రతి ఒక్కరూ పంపు పోయిందనే అన్నారు.

మేస్త్రి గారు మాకు చుట్టం కాదు, స్నేహితుడు కాదు. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు నంబరిచ్చారు. ఎప్పుడో రిటైరైన మనిషి. ఫోన్లో అంతా ఓపిగ్గా విని, "పంపు జోలికి వెళ్లకండి బాబూ, నేను వచ్చి చూస్తాను" అన్నారు. వచ్చాక బానెట్ మీద చెయ్యి వెయ్యకముందే అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆగిపోయాక కాసేపు వదిలేస్తే, ఎయిర్ తీయకుండానే ఎప్పుడైనా అందుకుంటోందా?" ఒక్కోసారి అందుకుంటోందని చెప్పగానే పంపు వైపు కాదు, ట్యాంకు వైపు నడిచారు.

ముందు ట్యాంకు మూత. మూతకి గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి చాలక డీజిల్ కిందికి దిగదు. ఇంజన్ ఆగిన క్షణంలో మూత తిప్పితే 'సుయ్' మని గాలి లోపలికి పీల్చుకుందంటే తప్పు అక్కడే. మా బండిలో ఆ చప్పుడు లేదు. అప్పుడు ఫీడ్ పంపులోకి (ట్యాంకు నుంచి డీజిల్ లాగి డీపీఏ పంపు వైపు పంపే చిన్న పంపు) వచ్చే పైపుని అక్కడ విప్పించి, కింద బకెట్ పెట్టించి, కుళాయి తెరిపించారు. ట్యాంకు ఇంజన్ పైనే ఉంటుంది కాబట్టి డీజిల్ ధారగా పడాలి. పడింది కూడా. నేను పైపు బిగించబోతే "ఆగండి, చూస్తూ ఉండండి" అన్నారు. చూస్తూ ఉండగానే ధార సన్నబడింది. ఇంకాస్సేపటికి దారప్పోగంత అయింది. ట్యాంకులో డీజిల్ సగానికి పైనే ఉంది.

ట్యాంకు లోపల తుప్పు పెళ్లలు ఊడి, డీజిల్‌తో పాటు కదిలి వచ్చి కుళాయి మూతిలోని జల్లెడకి అంటుకుంటున్నాయి. ఇంజన్ ఆగితే లాగుడు ఆగుతుంది, పెళ్లలు జారి అడుగుకు పోతాయి, దారి తెరుచుకుంటుంది. కాసేపాగితే మళ్లీ అందుకోవడానికి కారణం అదే. మరి ఎయిర్ ఎందుకు పడుతోంది? దారి మూసుకున్నప్పుడు ఫీడ్ పంపు డీజిల్ దొరక్క గట్టిగా లాగుతుంది. ముదిరిపోయిన రబ్బరు పైపు, గట్టిపడిన వాషర్ల సందుల్లోంచి గాలి లోపలికి పోతుంది. అక్కడ బయటికి డీజిల్ కారదు కాబట్టి ఎవరి కంటా పడదు. ఫీడ్ పంపు దాటాక లీకయితే డీజిల్ బయటికి వస్తుంది, మరక కనిపిస్తుంది. మరక లేకుండా ఎయిర్ పడుతోందంటే వెతకాల్సింది ఫీడ్ పంపుకి ముందే. ఈ ఒక్క ముక్క తెలిస్తే పాత బండి పెట్టుకున్న కొత్తవాళ్లకి ఎంత డబ్బు మిగులుతుందో!

ట్యాంకు దింపి, డీజిల్ మొత్తం తీసేసి, కుళాయి ఊడదీసి జల్లెడ కడిగాం. ట్యాంకులో గుప్పెడు నట్లు, కొంచెం శుభ్రమైన డీజిల్ పోసి అటూ ఇటూ ఊపితే ఎర్రటి బురద దిగింది. తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. నట్లు ఎన్ని వేశామో లెక్కపెట్టి అన్నీ బయటికి తీయాలి. ట్యాంకుకి చిల్లు కనిపిస్తే మాత్రం ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది.

పాత రాగి వాషర్లలో ఒకటి తీసి నా వేలికి తగిలించి "గోటితో గీకి చూడండి" అన్నారు. గోటికి గాడి తగిలింది. బోల్టు నొక్కిన చోట అరిగి, రాగి గట్టిపడిపోయింది. అలాంటి దాన్ని ఎంత బిగించినా గాలి ఆగదు. కొత్తది దొరక్కపోతే పాతదాన్ని మంట మీద ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మెత్తబడుతుంది. ఆ తర్వాత గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పెట్టి రుద్ది చదును చెయ్యాలి. గాడి మరీ లోతుగా ఉంటే పారేయడమే. నాజిళ్ల కింద ఉండే వాషర్ల విషయంలో ఇంకో జాగ్రత్త చెప్పారు. నాజిల్ తీసినప్పుడు పాత వాషరు హెడ్డులోనే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీదే కొత్తది వేస్తే నాజిల్ ఎత్తులో కూర్చుంటుంది, డీజిల్ పడాల్సిన చోట పడదు, పొగ మొదలవుతుంది.

ఎయిర్ తీయడం మొదలుపెట్టాక ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. పానా నా చేతిలోనే ఉంచారు. ఆయనకయితే నిమిషాల పని. నా చేతులు వణికినా, పానా జారినా "కంగారు లేదు, మళ్లీ పెట్టండి" అన్నారే తప్ప ఒక్కసారి కూడా లాక్కోలేదు. "ఈరోజు నేను చేసి వెళ్లిపోతే, రేపు చేను మధ్యలో ఆగినప్పుడు ఎవరు చేస్తారు?" అన్నారు.

ఆయన చేయించిన వరస ఇది. ముందు స్టాప్ నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడాలి. అది కొంచెం బయటికి లాగి ఉన్నా నాజిళ్లకి డీజిల్ రాదు, ఎయిర్ ఎంత తీసినా దండగే. కుళాయి పూర్తిగా తెరిచి, ఫిల్టర్ పైనున్న ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లివరు కొట్టాలి. లివరు బిగువు లేకుండా ఊరికే ఊగుతోందంటే లోపల ఫీడ్ పంపుని ఆడించే క్యామ్ ఎత్తు మీద ఆగిందని అర్థం. ఇంజన్‌ని ఒక చుట్టు తిప్పి మళ్లీ కొడితే బిగువొస్తుంది. ఫిల్టర్ దగ్గర నురగ పోయి తేట డీజిల్ వచ్చాక, లివరు కొడుతూనే స్క్రూ బిగించాలి. కొట్టడం ఆపి బిగిస్తే మళ్లీ గాలి పీల్చుకుంటుంది. తర్వాత డీపీఏ పంపు పక్కనున్న స్క్రూ, ఆ తర్వాత అదే పంపు పైన గవర్నర్ మూత మీది స్క్రూ. ఇవి చిన్నవి, బలం పెడితే విరుగుతాయి. చివరగా మూడు నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టాలి. నట్ల దగ్గర డీజిల్ ఎగజిమ్మగానే ఆపి బిగించాలి. సెల్ఫ్ ఒక్కసారికి 15 సెకన్లు మించొద్దు, మధ్యలో నిమిషమైనా చల్లారనివ్వాలి.

ఈ బండ్ల నట్లూ బోల్టులూ చాలావరకు అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దూరుతుంది కానీ వదులుగా ఉంటుంది, గట్టిగా లాగితే మూలలు గుండ్రమవుతాయి. అంగుళాల పానాల సెట్టు లేకుండా ఈ పనికి దిగొద్దు.

నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఉన్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టబోతే మాత్రం ఆయన గొంతు పెరిగింది. నాజిల్ దగ్గర ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తెలియకపోవచ్చు, కానీ ఆలస్యమైతే వేలో చెయ్యో తీసెయ్యాల్సి వస్తుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకాలంటే చేత్తో తడమకుండా అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఆయన వెళ్లిపోయాక, బాగా పొద్దుపోయాక ఫోన్ చేశారు. బండి గురించనుకున్నాను. "నాజిళ్ల దగ్గర పని చేశారు కదా, చేతులు కడుక్కున్నాక ఎక్కడైనా చిన్న చుక్కలాంటి గాయం కనిపించిందా? వేళ్లన్నీ ఒకసారి చూసుకోండి బాబూ" అన్నారు. దీపం దగ్గర వేళ్లు తిప్పి చూసుకుంటూ మాట రాలేదు నాకు. ఎవరి బండి, ఎవరి చేతులు? డబ్బు తీసుకోలేదు. రాగి వాషర్ల డబ్బా కూడా ఇక్కడే వదిలేసి వెళ్లారు, "నాకిక పనిలేదులే" అని.

ఒక మాట అనక తప్పదు. పంపు బాగుచేసే ఒక చోట బండి చూడకుండానే పంపు, నాజిళ్లు మొత్తం మార్చాలన్నారు. పైపు విప్పి ధార చూసే పరీక్షకి బకెట్ తప్ప ఏమీ అక్కర్లేదు, అది ఎవరూ చెయ్యలేదు. జబ్బేంటో కనిపెట్టినందుకు ఎవరూ డబ్బివ్వరు, సామాను మార్చినందుకే ఇస్తారు. అందుకే మార్చడమే వైద్యమైపోయింది. విడిభాగాలు అడిగితే మోడల్ పేరొక్కటి రాసుకుంటారు. ఒకే మోడల్లో ఏళ్లు మారేకొద్దీ భాగాలు మారాయి, సీరియల్ నంబరు చూడాలని అడిగే వాళ్లు తక్కువ. దొరికే రబ్బరు పైపుల్లో కొన్ని డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడేవే. రిపేరు పుస్తకం చేతికి దొరకడం ఇంకో గగనం. పాత బండి నడుపుకునేవాడు కొత్తది కొనలేకనో, దాని మీద ప్రేమ కొద్దీనో నడుపుకుంటాడు. వాడికి దక్కేది మాత్రం "తుక్కుకిచ్చెయ్యండి" అన్న సలహా. చాలా బాధేసింది.

వెళ్లే ముందు మేస్త్రి గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి చెప్పినవి కూడా కొత్తవాళ్ల కోసం రాస్తున్నాను. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో (ఇంజన్లోకి పోయే గాలిలోని దుమ్ముని ఆయిల్‌తో పట్టేది) ఆయిల్ గీత వరకే పొయ్యాలి. తక్కువైతే దుమ్ము ఇంజన్లోకి పోతుంది, ఎక్కువైతే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చి మండించుకుని అదుపు తప్పి పరిగెత్తగలదు. వెనక పనిముట్లని లేపే లిఫ్టు లేవట్లేదని హైడ్రాలిక్ పంపు విప్పేముందు పీటీవో (వెనక పనిముట్లని తిప్పే షాఫ్టు) లివరు చూడాలి. ఈ మోడల్లో హైడ్రాలిక్ పంపుని తిప్పేది పీటీవో షాఫ్టే, లివరు న్యూట్రల్లో ఉంటే లిఫ్టు ఎలా లేస్తుంది? లాగాల్సిన బరువు ఏదైనా వెనక కిందుగా ఉండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబార్‌కే తగిలించాలి. యాక్సిల్‌కో, పనిముట్టు పైభాగాన్ని పట్టుకునే టాప్ లింక్ చోటుకో గొలుసు కడితే ముందు చక్రాలు లేచి రెప్పపాటులో బండి డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. రోడ్డెక్కితే రెండు బ్రేకు పెడళ్లూ కలిపి గొళ్లెం వెయ్యాలి. నేల మీద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు కలిపి స్టార్టు చెయ్యడం ఎప్పటికీ వద్దు. గేరులో ఉంటే వెనక చక్రం మనిషి మీది నుంచే పోతుంది.

ఇంట్లో అందరూ ట్యాంకు మోశారు, రాత్రి లైటు పట్టుకున్నారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది.

అంగుళాల పానాల సెట్టు అడగ్గానే ఇచ్చి, తొందర లేదన్న అన్నకి కృతజ్ఞతలు. రేపే తెచ్చిస్తాను.

మర్చిపోయాను, బ్యాటరీ తమ్ముడు! సెల్ఫ్ తిరుగుతుండగా మీటరు పెట్టి చూసి, తప్పు బ్యాటరీది కాదు, ఎర్త్ కేబులు బాడీకి తగిలే చోట పెయింటూ తుప్పూ ఉన్నాయని అవి గీకించింది అతనే. కొత్త బ్యాటరీ అమ్మే అవకాశం ఉండి కూడా అమ్మలేదు.

పాత ఆపరేటర్ పుస్తకం పేజీలన్నీ ఫోటో తీసి పంపిన అక్కకి కూడా. వాల్వు గ్యాపు చల్లగా ఉన్నప్పుడు 0.012 అంగుళాలు, అంటే 0.30 మిల్లీమీటర్లు. మీరు గుండ్రం చుట్టి పంపిన పేజీ అందిందక్కా, సందు కొలిచే ఫీలర్ గేజీ దొరకగానే సరిచూస్తాను.

ఇంకా ఎవరినైనా వదిలేసి ఉంటే కింద గుర్తు చెయ్యండి, చేరుస్తాను. మేస్త్రి గారికి ఇది ఎవరైనా చదివి వినిపించండి, ఆయన ఫోన్లో ఇవన్నీ చూడరట.