లారీ టైరు అరగకపోయినా ముసలిదవుతుంది

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

టైరు పేలి లారీ అదుపు తప్పిందన్న వార్త చదివినప్పుడల్లా, ఆ టైరు ఏ సంవత్సరంలో తయారైందో కూడా రాసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. వేగం గురించి, అధిక లోడు గురించి, డ్రైవరు నిద్రమత్తు గురించి రాస్తారు కానీ టైరు వయసును దాదాపు ఎవరూ అడగరు. లారీలు నడిపించే మాలో చాలామందిమి కూడా గాడుల లోతు చూసి, ఇంకా అరగలేదు కదా అని తృప్తిపడిపోతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే ఉన్నాను. ఏనాడూ రోడ్డు మీద తిరగని ఒక పాత స్టెప్నీని అవసరానికి కిందికి దించి చూస్తే, బటన్లు (రోడ్డును తాకే రబ్బరు దిమ్మెలు) కొత్తవాటిలా ఉన్నా పక్కభాగమంతా ఎండిన చెరువులా నెర్రెలిచ్చి కనిపించింది. అప్పటి నుంచే ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకోవడం మొదలుపెట్టాను.

గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోన్ వాయువు, సాగి ఉన్న రబ్బరును తాకినప్పుడు దాని అణువుల గొలుసులను తెంచుతుంది. అందుకే పగుళ్లు ఎప్పుడూ రబ్బరు సాగిన దిశకు అడ్డంగా పడతాయి. దీన్ని అడ్డుకోవడానికి తయారీదారులు రబ్బరులో కొన్ని రక్షక రసాయనాలనూ మైనాన్నీ కలుపుతారు. చక్రం తిరిగి టైరు వంగుతూ ఉంటే అవి లోపలి నుంచి పైకి ఊరి, పలుచని పొరగా పరుచుకుంటాయి. నెలల తరబడి ఒకేచోట బరువు మోస్తూ నిలిచిపోయిన లారీ టైరుకు ఆ రక్షణ సరిగా అందదు కనుక, తిరిగే బండి టైరు కంటే నిలిచిన బండి టైరు ముందుగా పగలడంలో వింత లేదు. నిగనిగలాడాలని పూసే పెట్రోలియం ఆధారిత పాలిష్‌లు ఈ పొరను కరిగించేస్తాయి. వెల్డింగ్ పనుల దగ్గర, నిప్పురవ్వలు చిమ్మే మోటార్ల పక్కన ఓజోన్ పుడుతుంది కాబట్టి, అదనపు టైర్లను అక్కడ పేర్చి ఉంచడం కూడా తప్పే.

కంటికి కనిపించే ఈ పగుళ్ల కంటే కనిపించని మార్పు నన్ను ఎక్కువగా భయపెడుతుంది. రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే అది దృఢమవుతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నారు. గంధకం రబ్బరు అణువుల గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. టైరు వాడుకలోకి వచ్చాక కూడా వేడి, ఆక్సిజన్ కలిసి ఇలాంటి బంధాలను పెంచుతూ పోవడంతో రబ్బరు సాగే గుణం కోల్పోయి పెళుసుబారుతుంది. లారీ టైరులో 100 పీఎస్ఐకి అటూఇటూగా ఉండే పీడనం వల్ల లోపలి గాలిలోని ఆక్సిజన్ నెమ్మదిగా రబ్బరులోకి చొచ్చుకుపోయి, ఉక్కు తీగల పట్టీలను పట్టి ఉంచే పొరను బలహీనపరుస్తుంది. గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగి వేడెక్కుతుంది కాబట్టి ఈ క్షీణత ఇంకా వేగంగా సాగుతుంది. అలాంటి టైరు పైకి నున్నగా ఉండి కూడా లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు.

మరి ఎప్పుడు మార్చాలి? వెంట్రుకల్లాంటి పైపై గీతలుంటే గమనిస్తూ నడపవచ్చు. పగుల్లోంచి దారాలు గానీ ఉక్కు తీగలు గానీ కనిపించినా, పక్కభాగం ఉబ్బినా, గాడుల అడుగున పగుళ్లు లోతుగా దిగినా ఆ టైరును వెంటనే విప్పేయాలి. తీగకు తేమ తగిలితే తుప్పు పడుతుంది. వయసు విషయంలో, అయిదేళ్లు దాటినప్పటి నుంచి ఏటా నిపుణుడితో పరీక్ష చేయించాలని, పదేళ్లు నిండితే ఎలా కనిపించినా తీసేయాలని కొన్ని పెద్ద తయారీ సంస్థలు చెబుతున్నాయి. బ్రిటన్‌లో 2012లో ఒక కోచ్ బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు; ఆ టైరు వయసు 19 ఏళ్లు పైనే. 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లను నిషేధించారు. నా మట్టుకు నేను పదేళ్ల దాకా ఆగను. వెనుక జోడు చక్రాల్లో ఒకటి పేలితే రెండోది కాసేపైనా బరువు ఆపుతుంది. ముందు ఒక్కో పక్కకు ఒక్కటే టైరు కాబట్టి, అది పేలితే స్టీరింగు చేతిలోంచి లాక్కున్నట్టు అటే గుంజేస్తుంది. అందుకే ముందు ఇరుసు టైర్లను ఏడో ఏడు దాటనివ్వను.

రీట్రేడ్ చేసిన, అంటే అరిగిన పాత టైరుపై కొత్త రబ్బరు పొర అతికించిన టైరుకు కొత్త బటన్లు చూసి మోసపోకూడదు. రీట్రేడింగ్ మంచి పద్ధతే, కానీ కింద ఉన్న పాత టైరు వయసును దాని పుట్టిన రోజు నుంచే లెక్కపెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఆ పుట్టిన రోజు టైరు పక్కన, డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెల్లో ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ప్రమాద స్థలంలో మీ విలేకరులు ఈ అంకెలను ఒక్క ఫొటో తీసి వార్తతో పాటు వేస్తే, మాలాంటి యజమానులకు ఎంతో మేలు చేసినవారవుతారు. తరచుగా ఈ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉంటాయి. అది లోపలివైపుకు వస్తే లారీ కిందికి దూరి టార్చి వేసి చూడవలసిందే. కాబట్టి కొత్త టైరు బిగించేటప్పుడే, తిరిగే దిశ నిర్ణయించి ఉన్న రకం కాకపోతే, అంకెలున్న పక్క బయటికి వచ్చేలా బిగించమని మెకానిక్‌కు చెప్పాలని తోటి యజమానులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని